ఫార్మసిస్టు చదువు, కొలువు: దేవరకొండ విద్యార్థిని ప్రశ్నకు జవాబు

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఇంటర్ బైపీసీ పూర్తి చేసిన ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న సారాంశం ఇది. "డీఫార్మసీలో చేరాలా, బీఫార్మసీలో చేరాలా? మందుల షాపులో చీటీ చూసి గోలీలు ఇవ్వడానికి ఇన్నేళ్ల చదువు ఎందుకు? మా మేనమామ మాత్రం ఏదో ఒకటి పాసై సర్టిఫికెట్ తెచ్చుకుంటే చాలు, దాన్ని ఏదైనా షాపుకు అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్నా నెలనెలా డబ్బు వస్తుందంటున్నాడు. అది నిజమేనా?"

నేను 1990ల చివర్లో డీఫార్మసీ చదివి, నల్లగొండలో తొమ్మిదేళ్లు మందుల షాపు నడిపి, ఆ తర్వాత నుంచి పాలమూరు వైపు సర్కారు దవాఖానల్లో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. నేను నడిమి ముక్కతో మొదలుపెడతాను. గోలీలు ఇవ్వడానికి చదువెందుకో తేలితే, ఏ చదువు చదవాలన్నదీ, అద్దె సంగతీ వాటంతట అవే తేలిపోతాయి.

షాపు పెట్టిన కొత్తలో ఒక సాయంత్రం నకిరేకల్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ నోటి పూతకు మందు అడిగింది. నోరంతా పుండ్లు పడి గంజి కూడా దిగడం లేదన్నది. పూత మందు ఒకటి, బీకాంప్లెక్సు గోలీలు పది ఇచ్చి పంపడం అరనిమిషం పని. అలవాటు కొద్దీ, ఇంకేమైనా గోలీలు మింగుతున్నారా అని అడిగాను. కొంగు ముడి విప్పి ఒక స్ట్రిప్పు చూపింది. అది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి హైదరాబాద్ డాక్టరు రాసిన మందు, వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకోవలసిన మందు. ఆమె తొమ్మిది రోజులుగా దాన్ని రోజూ వేసుకుంటున్నది. "దినాం ఒకటి అని చెప్పిండు బిడ్డా, గట్లనే మింగుతున్న" అన్నది. ఈ మందు రోజూ పడితే ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది; నోటిలో పుండ్లు దానికి తొలి హెచ్చరిక. ఆమె కొడుకును పిలిపించి, మందు ఆపించి, చీటీతో సహా ఆ రాత్రే పెద్ద దవాఖానకు పంపాను. తెల్లకణాలు బాగా పడిపోయాయని, విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇచ్చారని, రెండు వారాలు వార్డులో ఉండి కోలుకున్నదని తర్వాత తెలిసింది.

ఆ చీటీ నేను చూశాను. డాక్టరు రాసిన మందు సరైనదే, ఆ షాపులో ఇచ్చిన గోలీ సరైనదే, మిల్లీగ్రాములూ సరైనవే. 'వారానికి' అన్న ఒక్క మాట మాత్రం కౌంటరు దాటి ఆమె దాకా చేరలేదు. చీటీ చదవడం వచ్చిన ఏ కుర్రవాడైనా అర నుంచి ఆ స్ట్రిప్పు తీసి ఇవ్వగలడు. దాన్ని చేతికి అందించే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది వారానికి వేసుకునే మందు కదా, ఈమెకు ఆ సంగతి తెలుసా అని అనుమానపడాలంటే మాత్రం ఆ మందు ఒంట్లో ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. మీరు చదవబోయే ఫార్మకాలజీ అంతా ఆ ఒక్క క్షణం కోసమే.

అటువంటి క్షణాలు రోజుకు ఎన్నో వస్తాయి. కార్బిమజోల్ థైరాయిడ్ మందు, కార్బమజెపైన్ మూర్ఛ మందు; గొలుసుకట్టు రాతలో రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. చీటీ మీద అక్షరాలు అంతుబట్టనప్పుడు మనిషిని చూడాలి, ఏ డాక్టరు దగ్గర నుంచి వచ్చారో అడగాలి, ఇంకా ఏమేం మందులు రాశారో చూడాలి. అప్పటికీ తేలకపోతే డాక్టరుకు ఫోను చేయాలి. ఊహించి ఇవ్వడం మాత్రం చేయకూడదు. ఫోను చేస్తే డాక్టరు విసుక్కుంటారన్న భయం కొత్తలో నాకూ ఉండేది. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అయినా ఈ ఇరవై అయిదేళ్లలో, అడిగినందుకు జరిగిన నష్టం నాకు ఒక్కటి కూడా గుర్తులేదు.

పిల్లల మందుల దగ్గర ఇంకొక రకం చిక్కు. జ్వరానికి ఇచ్చే పారాసెటమాల్ చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటుంది. అదే మందు సిరప్‌గా వస్తే అయిదు మిల్లీలీటర్లకు 125 లేదా 250 మిల్లీగ్రాములు ఉంటుంది. పది కిలోల బరువున్న పిల్లవాడికి ఒక విడతకు 150 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే చుక్కల మందైతే ఒకటిన్నర మిల్లీలీటరు, 125 సిరప్ అయితే ఆరు మిల్లీలీటర్లు. పోయినసారి సిరప్ వాడిన తల్లి ఈసారి చుక్కల సీసా చేతికొస్తే, అదే మూత నిండా అయిదు మిల్లీలీటర్లు పోస్తుంది; అది 500 మిల్లీగ్రాములు, అంటే పెద్దవాళ్ల గోలీ. ఆమె తప్పేమీ లేదు, రెండింటి మీదా పేరొకటే. సీసా ఇచ్చేటప్పుడు ఆ పిల్లవాడి బరువు అడిగి, పెన్నుతో గీత గీసి, "అమ్మా, ఈ గీత దాకనే" అని చెప్పి, ఆమెతో తిరిగి చెప్పించుకోవాలి. యాంటీబయాటిక్ పొడి సీసాల సంగతీ అంతే. కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోయాలని, వేడి నీళ్లు పోయకూడదని, కలిపిన తర్వాత సీసా మీద రాసిన రోజులు దాటితే పారేయాలని చెప్పకపోతే, సగం మిగిలిన సీసాను మూడు నెలల తర్వాత చెల్లెలికి కూడా పోస్తారు.

ఇక చెప్పే భాష. చీటీ మీద బీడీ (రోజుకు రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), హెచ్ఎస్ (పడుకునే ముందు) అని ఉంటుంది. మన దగ్గరికి వచ్చే ముసలాయనకు అది అక్కర్లేదు. పొద్దుగాల ఒకటి, మాపటికి ఒకటి, తిన్నంక అని చెప్పాలి. చదువు రానివాళ్లకు నేను మందు కవరు మీద సూర్యుడినీ చంద్రుడినీ గీసి ఇస్తాను. నాకు బొమ్మలు రావు, నా చంద్రుడు దోసకాయ ముక్కలా ఉంటాడు, అయినా ఇప్పటి దాకా ఎవరూ పొరపడలేదు. పరగడుపున అంటే 'చాయ్ తాగి, అన్నం తినక ముందు' అని అర్థం చేసుకునేవాళ్లు ఎందరో ఉన్నారు కాబట్టి, థైరాయిడ్ గోలీ ఇచ్చేటప్పుడు చాయ్ కూడా తాగొద్దని విడిగా చెప్పాలి. ఇటువంటివి ఏ పుస్తకంలోనూ దొరకవు, ప్రాక్టికల్ శిక్షణలోనే నేర్చుకోవాలి.

ఆ శిక్షణ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఎక్కువగా ఆవిరైపోయేది అదే. డీఫార్మసీ రెండేళ్ల చదువు తర్వాత 500 గంటల శిక్షణ ఉంటుంది; అది మూడు నెలలకు తక్కువ కాకుండా సాగాలి, అందులో కనీసం 250 గంటలు చీటీ మీద మందులు ఇచ్చే పనిలోనే గడవాలి. కాగితం మీద ఇది అందరికీ పూర్తవుతుంది. తెలిసిన షాపు ముద్ర వేయించుకుని, ఒక్కరోజు కూడా కౌంటరు వెనుక నిలబడకుండా రిజిస్ట్రేషన్‌కు వెళ్లినవాళ్లను నేను చూశాను. నాకు పని నేర్పిన పెద్దాయన మొదటి నెల నన్ను మందులు ముట్టుకోనివ్వలేదు. అరలు తుడవడం, గడువు తేదీలు చూసి ముందు ముగిసేది ముందు వరుసలో పెట్టడం, సాయంత్రం రోజువారీ బిల్లులతో సరుకు సరిచూడటం, ఇవే పని. అప్పట్లో చాకిరీ చేయించుకుంటున్నాడనుకున్నాను. నెల తిరిగేసరికి కళ్లు మూసుకుని ఏ మందు ఏ అరలో ఉందో, ఏది ఎందుకు విడిగా పెట్టారో చెప్పగలిగాను. రెండో నెలలో ఆయన పక్కన నిలబడి వినమన్నారు. మూడో నెలలో నేను తీసిన ప్రతి మందునూ ఆయన చూసిన తర్వాతే జనానికి ఇవ్వనిచ్చారు. మీరు ఏ కోర్సులో చేరినా, శిక్షణకు ముద్ర వేసే షాపు కోసం కాదు, ఇలా నిలబెట్టి నేర్పే మనిషి కోసం వెతకండి.

కౌంటరు వెనుక ఉన్నవాళ్లు తెలుసుకోవలసిన చట్టం కూడా ఉంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం, 1945 నాటి నిబంధనలు, 1948 నాటి ఫార్మసీ చట్టం, ఈ మూడింటి మీదే మన పని నడుస్తుంది. ఆ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్ అనే జాబితాలో ఉన్న మందులు డాక్టరు చీటీ ఉంటేనే ఇవ్వాలి. 2014 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హెచ్1 జాబితాలో సెఫిక్సిమ్ వంటి యాంటీబయాటిక్స్, క్షయ మందులు, నొప్పికి వాడే ట్రమడాల్, నిద్రకు వాడే ఆల్ప్రజోలామ్ వంటివి ఉన్నాయి. వీటికి విడి రిజిస్టరు పెట్టి, రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చామన్నది నమోదు చేసి మూడేళ్లు భద్రపరచాలి. ఇంకా గట్టి అదుపులో ఉండే షెడ్యూల్ ఎక్స్ మందులకైతే చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి రెండేళ్లు మన దగ్గరే ఉంచుకోవాలి. చాలామందికి ఇది దస్త్రాల గొడవగా కనిపిస్తుంది. దక్షిణ తెలంగాణలో పనిచేసేవాళ్లకు మాత్రం ఈ రిజిస్టరు ఎందుకో కళ్లెదుటే కనిపిస్తుంది.

కారణం కల్లు. చెట్టు కల్లు చాలని చోట్ల కల్తీ కల్లు చేరుతుందన్నదీ, దానిలో ఆల్ప్రజోలామ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతారన్నదీ ఇక్కడ ఎవరికీ కొత్త సంగతి కాదు. 2015లో సర్కారు కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు చేసినప్పుడు, అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా మందు అందక, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, పిచ్చిగా మాట్లాడటం, ఫిట్స్ రావడం వంటి లక్షణాలతో జనం దవాఖానలకు బారులు తీరారు. ఆ రోజుల్లో మా దవాఖాన కౌంటరు దగ్గరికి వచ్చి "సారూ, నిద్ర గోలీలు రెండు ఇయ్యుండ్రి, పానం నిలుస్త లేదు" అని దండం పెట్టినవాళ్లలో దొంగలెవరూ లేరు, కూలినాలి చేసుకునే మనుషులు. చీటీ లేకుండా రెండు గోలీలు ఇస్తే ఆ రాత్రికి దయ చూపినట్టే ఉంటుంది. కానీ ఈ మందును ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, లెక్కలేకుండా ఇచ్చినా ప్రమాదమే. డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గిస్తూ రావాలి. అందుకని నేను గోలీలు ఇవ్వలేదు. వాళ్లతోపాటు వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, ఫిట్స్ రావచ్చని చెప్పి, లోపల డాక్టరుకు చూపమన్నాను. నన్ను తిట్టి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నలుగురు బయటి షాపులో కొనుక్కున్నారన్నదీ తెలుసు. కాదనడం ఈ కొలువులో రోజువారీ పని. కాదన్న తర్వాత మనిషిని ఎక్కడికి పంపాలో చెప్పగలగడం దానికన్నా పెద్ద పని.

నల్లగొండ వైపు ఇంకో గోలీ ఉంది, దానికి రిజిస్టరు కూడా లేదు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల్లో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్లు నడుము వంగి, మోకాళ్లు బిగిసి షాపుకు వస్తారు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అంటున్నది కానీ, బిగిసిన ఎముకను సరిచేసే గోలీ మాత్రం లేదు. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నా, పాత నొప్పి పోదు. అందుకని నొప్పి గోలీ. డైక్లోఫెనాక్ పదేళ్లుగా రోజూ రెండు మింగేవాళ్లను నేను ఎరుగుదును. వాళ్లలో చాలామందికి బీపీ కూడా ఉంటుంది. టెల్మిసార్టాన్, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు రాసి ఉంటారు. ఈ మూడూ కలిస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి బరువు పడుతుంది. ఎండాకాలంలో ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది మరీ ప్రమాదం. బీపీ చీటీ రాసిన డాక్టరుకు నొప్పి గోలీ సంగతి తెలియదు, నొప్పి గోలీ ఇచ్చిన ఊరి ఆర్‌ఎంపీకి బీపీ మందు సంగతి తెలియదు. రెండూ ఒకే సంచిలో కనిపించేది మందుల షాపులోనే. పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవచ్చేమో డాక్టరును అడగండి, కిడ్నీ పరీక్ష ఒకసారి చేయించండి అని చెప్పగలిగినవాడు ఆ సంచి చూసిన ఫార్మసిస్టు ఒక్కడే. ఊళ్లలో మోకాళ్ల నొప్పులకు పేరు లేని పొట్లాలు అమ్ముతారు. రెండు రోజుల్లో నొప్పి మాయమై, రెండు నెలల్లో ముఖం ఉబ్బి గుండ్రంగా అయితే, అందులో స్టెరాయిడ్ ఉందని అనుమానించాలి. దాన్ని కూడా ఒక్కసారిగా ఆపమని చెప్పకూడదు, డాక్టరు దగ్గరికే పంపాలి.

సర్కారు దవాఖానలో పని వేరు. అక్కడ అమ్మకం లేదు, లాభం లేదు, డిస్కౌంటు బోర్డు లేదు, కానీ సమయం కూడా లేదు. సోమవారం ఓపీలో ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 2 వరకు 300 చీటీలు పడితే మనిషికి ఒక్క నిమిషం. ఆ నిమిషంలో అందరికీ అన్నీ చెప్పడం అయ్యే పని కాదు. అందుకని ఎవరిని ఆపాలో ఎంచుకోవడం నేర్చుకున్నాను. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినవాళ్లు, మొదటిసారి ఇన్‌హేలర్ తీసుకునేవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు, వీళ్లను పక్కన కూర్చోమని, వరుస కాస్త తగ్గాక మాట్లాడతాను. ఇన్సులిన్ సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజీ. 100 యూనిట్లకు నారింజ రంగు మూత సిరంజీ. 40 యూనిట్ల మందును నారింజ సిరంజీతో 20 గీత దాకా ఎక్కిస్తే నిజంగా ఒంట్లోకి పోయేది ఎనిమిది యూనిట్లే. షుగరు దిగడం లేదని డాక్టరు మోతాదు పెంచుతారు. ఒకరోజు సరైన సిరంజీ దొరికిన నాడు మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు. ఫ్రిజ్ లేని ఇళ్లలో ఇన్సులిన్ సీసాను కొత్త మట్టి కుండలో, తడి ఇసుక మధ్య చిన్న డబ్బాలో పెట్టుకొమ్మంటాం. ఫ్రిజ్ ఉన్న ఇళ్లలో తప్పు ఇంకోలా జరుగుతుంది, ఇంకా చల్లగా ఉంటుందని ఐసు గదిలో పెడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

మందులు ఇచ్చే కిటికీ వెనుక, జనానికి కనపడని సగం పని స్టోరులో ఉంటుంది. సర్కారు సెంట్రల్ మెడిసిన్ స్టోర్ల నుంచి ఇండెంటు పెట్టి మందులు తెచ్చుకోవాలి, వచ్చిన ప్రతి బ్యాచినీ ఈ-ఔషధి అనే కంప్యూటరు లెక్కల్లో ఎక్కించాలి, ఇచ్చిన ప్రతి గోలీనీ అందులో నుంచి తీయాలి. బ్యాచి నంబరు అంటే ఏదో అంకె అనుకోకండి. 2025 సెప్టెంబరు, అక్టోబరుల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో డైఎథిలీన్ గ్లైకాల్ అనే విషం కలిసిన దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయినప్పుడు, ప్రతి స్టోరులోనూ ఆ మందు ఉందా, ఉంటే ఏ బ్యాచి అని వెతకడానికి ఆధారం ఆ అంకె ఒక్కటే. నేనూ అప్పుడు దగ్గు మందుల అర మొత్తం దించి ఒక్కొక్క సీసా చూశాను.

వానలు పడేలోపే ఓఆర్‌ఎస్, పాము కాటు మందు, కుక్క కాటు టీకా నిల్వలు చూసుకోవాలి. పత్తి చేలల్లో కలుపు తీసే రోజుల్లో పాము కాట్లు, పురుగు మందు కొట్టే రోజుల్లో విషప్రభావం కేసులు వస్తాయి కాబట్టి, పురుగు మందు విషానికి వాడే అట్రోపిన్ నిండుకోకూడదు. పాము విషానికి విరుగుడు మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటికీ కలిపి ఒకటే వస్తుంది. గుర్రాల రక్తం నుంచి తీస్తారు. దాన్ని తయారుచేసే సంస్థల్లో ఒకటైన విన్స్ బయోప్రొడక్ట్స్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని తిమ్మాపూర్‌లోనే ఉంది. గుర్రం నుంచి వచ్చిన మందు కాబట్టి కొందరికి పడదు. అందుకే విరుగుడు సీసాలు వార్డుకు పంపేటప్పుడు అడ్రినలిన్ కూడా అక్కడ ఉందా అని ఫార్మసిస్టు అడిగి చూసుకోవాలి. పెద్దవాళ్లకు మొదటి విడతలోనే పది సీసాల దాకా పడుతుంది, పిల్లలకూ అంతే, ఎందుకంటే పిల్లవాడని పాము తక్కువ విషం దించదు. స్టోరులో పన్నెండు సీసాలుంటే నిండుగా ఉన్నట్టు కనిపిస్తుంది. ఒక మనిషి వస్తే అయిపోతాయి.

ఇప్పుడు ఏ చదువన్న మాటకు వస్తాను. మందుల షాపు పెట్టుకోవడమో, సర్కారు ఫార్మసిస్టు కొలువో మీ ఆలోచన అయితే డీఫార్మసీ చాలు. ఇంటర్ మార్కుల మీదే సీటు వస్తుంది, రెండేళ్లు, ఆపై శిక్షణ, ఆపై రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్. ఆ తర్వాత చదువుకోవాలనిపిస్తే ఈసెట్ రాసి బీఫార్మసీ రెండో ఏటిలో చేరే దారి ఉంది; ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇది నేను తరచూ చెప్పే దారి. బీఫార్మసీ నాలుగేళ్లు, ఈఏపీసెట్ ద్వారా. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ వైపు ఉన్న మందుల కంపెనీల్లోనో తయారీ, నాణ్యత విభాగాల్లో పనిచేయాలన్నా, ఎంఫార్మసీ చేయాలన్నా, డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష రాయాలన్నా ఇది కావాలి. 2008లో మన దేశంలో మొదలైన ఫార్మ్‌డీ ఆరేళ్లు, చివరి ఏడంతా దవాఖానలో ఇంటర్న్‌షిప్. వార్డులో డాక్టర్ల పక్కన తిరుగుతూ మందుల మోతాదులు, దుష్ఫలితాలు చూసే పని నచ్చేవాళ్లకే అది. చదువుకు తగిన కొలువులు మన జిల్లాల్లో ఇంకా తక్కువే, హైదరాబాద్ పోవలసి ఉంటుందని ముందే తెలుసుకోండి. సర్కారు ఫార్మసిస్టు గ్రేడ్-2 పోస్టుకు ఈ మూడు చదువులూ పనికొస్తాయి. 2024లో 633 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చినప్పుడు రాత పరీక్షకు 80 మార్కులు, సర్కారు దవాఖానల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు పెట్టారు. అటువంటి నోటిఫికేషన్లు ఏటా రావు. అందుకని దాని మీదే ఆశ పెట్టుకుని ఖాళీగా ఉండకండి.

షాపు మీద ఆశ ఉంటే లెక్క కూడా తెలియాలి. రిటైల్ లైసెన్సుకు కనీసం పది చదరపు మీటర్ల స్థలం కావాలి, ఫ్రిజ్ కావాలి, రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలి. ధరల నియంత్రణలో ఉన్న మందులకు షాపువాడి వాటా, అతను కొన్న ధర మీద 16 శాతం. మిగతావాటికి వాడుకలో ఉన్నది 20 శాతం. ఎదురుగా పెద్ద గొలుసు షాపు వచ్చి 15 శాతం తగ్గింపు బోర్డు పెడితే మీకు మిగిలేదేమిటో మీరే లెక్క వేసుకోండి. అద్దె, కరెంటు, గడువు దాటిన సరుకు అన్నీ ఆ కొద్ది వాటాలోంచే పోవాలి. నా షాపు నిలబడింది డిస్కౌంటుతో కాదు, అడిగి మందు ఇస్తాడన్న పేరుతో. అయినా చివరికి మూసేశాను కాబట్టి దీన్ని గొప్పగా చెప్పుకోను.

ఇక మీ మేనమామగారి మాట. అద్దె ఇచ్చేవాళ్లు ఉన్నారు, తీసుకునేవాళ్లూ ఉన్నారు, నెలకు కొన్ని వేలు వస్తాయన్నదీ నిజమే. ఆయన చెప్పనిది ఏమంటే, లైసెన్సు మీద ఉండేది మీ పేరు. చీటీ మీద మందు ఇవ్వడం రిజిస్టరైన ఫార్మసిస్టు చేతిమీదుగానో, స్వయంగా చూస్తుండగానో జరగాలని 65వ నిబంధన చెబుతుంది. ఫార్మసిస్టు కానివాళ్లు ఆ పని చేస్తే శిక్ష ఉంటుందని ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ చెబుతుంది. మీరు దేవరకొండలో ఇంట్లో ఉండగా, మిర్యాలగూడలో మీ పేరున్న షాపులో ఎవరో కుర్రవాడు ఆల్ప్రజోలామ్ డబ్బాలకు డబ్బాలు బిల్లు లేకుండా అమ్మితే, తనిఖీలో మొదట పిలిచేది మిమ్మల్ని. కౌన్సిల్ రిజిస్టరు నుంచి మీ పేరు తొలగించవచ్చు, అప్పుడు మీ చదువంతా ఒక్క సంతకంతో పోతుంది. నాతో చదివిన ఒకతను ఇలా అద్దెకిచ్చి, తర్వాత సర్కారు కొలువుకు ఎంపికయ్యాడు. పాత షాపు నుంచి తన పేరు తీయించుకోవడానికి ఆ యజమాని చుట్టూ నెలల తరబడి తిరిగాడు, కాగితం ఇవ్వడానికి అతను ఎదురు డబ్బు అడిగాడు. అదంతా పక్కన పెట్టినా, నోటి పూత మందు అడిగిన ఆ పెద్దమ్మకు మెథోట్రెక్సేట్ ఇచ్చిన షాపు గోడ మీద కూడా ఒక ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దం వేసి వేలాడుతూ ఉండే ఉంటుంది. ఆ రోజు ఆ మనిషి ఎక్కడున్నాడో నాకు తెలియదు, కౌంటరు దగ్గర మాత్రం లేడు.

కౌన్సెలింగ్ తేదీలకు ఇంకా సమయం ఉంటే ఒక పని చేయండి. దేవరకొండలోనే ఫార్మసిస్టు స్వయంగా కూర్చునే షాపు ఏదో మీ ఊరివాళ్లను అడిగి తెలుసుకుని, ఇంట్లో చెప్పి, వరుసగా నాలుగు సాయంత్రాలు ఆరు నుంచి తొమ్మిది దాకా ఒక మూల స్టూలు వేసుకుని కూర్చోనివ్వమని అడగండి. మందులు చూడకండి, పేర్లు తర్వాత వస్తాయి. వచ్చినవాళ్లు ఏమడుగుతున్నారో, ఆయన తిరిగి ఏమడుగుతున్నాడో వినండి. నాలుగో రోజుకు ఆయన కన్నా ముందు మీకే ఒక ప్రశ్న తోస్తే, ఏ కోర్సు అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి ఎంచుకుని, ఆ వివరాలతో మళ్లీ రాయండి. కాలేజీల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.